కొండవీడు మీద ఎండా వానా

భాద్రపదం వచ్చిందంటే గుంటూరులో పొద్దునకీ సాయంత్రానికీ పొంతన ఉండదు. ఏడింటికే ఉక్కపోత మొదలవుతుంది. పదింటికల్లా ఎండ మాడ్చేస్తుంది. భోజనాలయ్యే వేళకు పడమట మబ్బు లేస్తుంది, నాలుగింటికి బ్రాడీపేట లైన్లలో నీళ్లు నిలుస్తాయి, ఐదున్నరకి మళ్లీ ఎండ కాసి గోడలు ఆరిపోతాయి. ఆ నెలంతా మా అమ్మ వడియాల జోలికి పోయేది కాదు. బట్టలు కూడా గుమ్మంలోంచి పరిగెత్తి తీసుకునేంత దగ్గర్లోనే ఆరేసేది.

తొంభైల మొదట్లో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, అలాంటి నెలలో ఒక ఆదివారం కొండవీడు ఎక్కాం. నేను, తమ్ముడు, మా చిన్న మామయ్య. ఆ తర్వాత మంగళగిరి ఎక్కాను, కొండపల్లి ఎక్కాను, కోటప్పకొండ ఎక్కాను. అయినా కొండ అనగానే నా కళ్ల ముందుకొచ్చేది ఆ ఆదివారమే. ఆ వాన లేకపోతే, పక్కన మామయ్య లేకపోతే నేను కూడా నాలుగు బురుజులు, రెండు గోడలు చూసి దిగి వచ్చేదాన్ని.

మామయ్య సాగర్ కుడి కాలువ మీద లస్కరు. ఆ ఉద్యోగం గురించి ఇప్పటి పిల్లలకు తెలియదు. కాలువ గట్టు పొడుగునా నడవాలి. తూములు ఎత్తాలి, దించాలి. ఎక్కడ గట్టు చెమ్మగిల్లుతోందో, ఎక్కడ గండి పడేలా ఉందో కనిపెట్టాలి. రాత్రిపూట ఎవరైనా తూము పైకెత్తేస్తే తెల్లారేలోగా పట్టుకోవాలి. ఎగువ రైతుకీ దిగువ రైతుకీ తగాదా వస్తే మధ్యలో నిలబడి తిట్లు తినాలి. 1967లో ఆ కాలువకు మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు మామయ్య చిన్నపిల్లాడు. ఊరంతా గట్టు మీద నిలబడి చూసిందట. "నీళ్లకంటే ముందు దుమ్మొచ్చిందే అమ్మాయ్, దుమ్మూ ఎండుటాకులూ దొర్లుకుంటూ వస్తుంటే వాటి వెనకాల ఎర్రగా నీళ్లు" అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆ నీళ్లే తన జీతం, జీవితం అయ్యాయి. అందుకే ఎక్కడికి వెళ్లినా మామయ్య ముందు చూసేది నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయన్నదే. పెళ్లికి వెళ్లినా ఆ ఇంటి తూము చూస్తాడు.

అమ్మ పులిహోర, పెరుగన్నం, మాగాయ పెట్టి క్యారియర్ సర్దుతూనే గొణిగింది. "ఒరేయ్, పిల్లలిద్దరినీ వేసుకుని ఈ వానల్లో కొండలేంటిరా?"

"వస్తే రానీ అక్కా. తడిస్తే కొండ కరిగిపోద్దా, మేం కరిగిపోతామా?"

చిలకలూరిపేట వెళ్లే ఎర్ర బస్సెక్కాం. అప్పట్లో అది ఐదో నంబరు జాతీయ రహదారి, రెండే వరసలు, రెండు పక్కలా చెట్లు. గుంటూరు నుంచి కొండవీడు పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. కుడివైపు కొండలు కనపడగానే దిగిపోయి, ఊళ్లోకి వెళ్లే ట్రాక్టర్ ఎక్కాం. దారికి రెండు పక్కలా నల్లరేగడి. పత్తి పూత మీద ఉంది. మిరప నారు నాటి కొన్నాళ్లే అయినట్టుంది, మొక్కలు ఇంకా నేలనంటుకునే ఉన్నాయి. ట్రాక్టరతను మామయ్యను అడిగిన మొదటి మాట, "ఏం బావా, మీ వైపు పడ్డాయా?" అని. వాన అన్న మాట పైకి అననక్కర్లేదు. ఆ నెలలో ఎవరు ఎవరిని ఏమడిగినా అదే.

కొండ కింద గోపీనాథస్వామి గుడి ఉంది. ఊళ్లో దాన్ని కత్తుల బావి అంటారు. శత్రువుల్ని దర్శనానికని పిలిచి లోపల కత్తులు పాతిన బావిలో పడేసి చంపారని కథ. తమ్ముడు ఆ కథ విన్నాక లోపలికి రానన్నాడు. ఒక దణ్ణం బయటినుంచే పెట్టుకుని కొండదారి పట్టాం.

ఎక్కేటప్పుడు ఎండే. మామూలు ఎండ కాదు, ముందురోజు వానకు తడిసిన రాయి మీద కాసే ఎండ. కింద నుంచి ఆవిరి, పైనుంచి వేడి. గాలన్నది లేదు. మెట్లు కొంత దూరం ఉంటాయి, తర్వాత రాళ్ల గుట్ట, మళ్లీ మెట్లు. రెండు వైపులా సీతాఫలం చెట్లే. ఆ కొండలకి సీతాఫలం ఎంత పేరంటే, ఈ రోజుల్లో గుంటూరు బజారులో బుట్టలు దించిన అమ్మలు ఏ కొండ కాయైనా "కొండవీడు కాయమ్మా" అనే అమ్ముతారు. మేకలు అన్ని ఆకులూ మేస్తాయి కానీ సీతాఫలం ఆకు ముట్టవు. అందుకే మేకలు తిరిగే కొండ మీద మిగతా చెట్లు కురచబడిపోయినా ఇవి గుబురుగా పెరుగుతాయని మామయ్య చెప్పాడు.

సగం దారిలో ఒకామె గంప నెత్తిన పెట్టుకుని దిగుతూ ఎదురైంది. యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి నెత్తి మీదనుంచి వీపు మీదకు వేసుకుంది. అంత ఎండలో వానకి తయారై ఉంది. మమ్మల్ని ఆపి గంప దించి కాయలు చూపించింది. కన్ను విచ్చుకున్న కాయ ఏదో, పసరు కాయ ఏదో చేతికిచ్చి మరీ చెప్పింది. బొడిపెల మధ్య గీతలు తెల్లబడి, కాస్త పసుపు తిరిగితే అది కన్ను విచ్చినట్టు. అలాంటిది కోసి బియ్యంలో పెడితే రెండు మూడు రోజుల్లో పండుతుంది. గీతలు పచ్చగానే ఉంటే ఎన్ని రోజులు పెట్టినా నల్లబడి గట్టిపడుతుంది తప్ప పండదు.

"దిగేటప్పుడు కొంటాంలే అమ్మా" అన్నాడు మామయ్య.

"దిగేటప్పటికి నేనెక్కడుంటాను నాయనా! ఒంటిగంట దాటాక పైన ఉండబాకండి. ఆ జారుడుబండ మీంచి అసలు పోబాకండి, పక్కన అడ్డదారుంది." అని పడమటి వైపు చూసింది. మేమూ చూశాం. మాకు అక్కడ ఒక్క మబ్బు కూడా కనపడలేదు.

పైకి చేరేసరికి గాలి తిరిగింది. ఒక్కసారిగా చల్లబడింది. ఎండ ఎండగానే ఉంది, ఎక్కణ్ణించో తుంపర. తమ్ముడు చేతులు చాపి "ఎండా వానా, కుక్కకీ నక్కకీ పెళ్లి!" అని గెంతులేశాడు. విరిగిన కోట గుమ్మం, మొక్కలు మొలిచిన గోడ, దూరంగా చెరువు నీళ్లు, అన్నీ ఆ వెలుతురులో మెరిసిపోయాయి. అలాంటి వెలుతురు కొండ మీద కొద్దిసేపే ఉంటుంది. దాని కోసం ఎంత దూరమైనా నడవచ్చని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కొండవీడు పైన మూడు చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. మొదటి చెరువు కట్ట మీదే కూర్చుని అన్నం తిన్నాం. మామయ్య తినడం పూర్తిగా తినలేదు. పెరుగన్నం చేత్తో పట్టుకునే కట్ట పొడుగునా నడిచి, వంగి, రాళ్ల మధ్య వేలు పెట్టి చూస్తున్నాడు.

తిన్నాక ఒక బురుజు దగ్గరికి వెళ్లి కింది మైదానం చూశాం. ఇక్కడ నేను కాసేపు ఆగాలి. వాన పడటం అందరం చూశాం, కానీ వాన నడవటం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. నరసరావుపేట వైపు నుంచి బూడిదరంగు తెర ఒకటి పొలాల మీదుగా వస్తోంది. దాని కిందకి వచ్చిన ఊరు కనపడకుండా పోతోంది, దాటిపోయిన ఊరు కడిగి బయటికొస్తోంది. పక్క ఊరు మాత్రం పూర్తి ఎండలో ఉంది. దూరంగా మూడు శిఖరాల కోటప్పకొండ కాసేపు కనపడింది, మామయ్య చూపించేలోపే తెర వెనక్కి వెళ్లిపోయింది. మేం సంబరపడుతున్నాం. మామయ్య మాత్రం ఊళ్లు లెక్కపెడుతున్నాడు. "ఆ ఊరికి పడింది. ఈ పక్క దానికి చుక్క లేదు. చూడు, రెండిటికీ మధ్య ఒక్క డొంకే." కాసేపాగి, "ఉత్తర చూసి ఎత్తర గంప అని ఊరికే అనలేదమ్మా" అన్నాడు. ఉత్తర కార్తె దాకా చూసి, అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదలమని ఆ సామెత. పుస్తకంలో చదివినప్పుడు అది నాకు సామెతే. కొండ మీద నిలబడి, తడిసిన ఊరునీ తడవని ఊరునీ పక్కపక్కన చూస్తూ విన్నప్పుడు గొంతు పట్టేసింది. తడవని ఆ ఊళ్లో ఎవరో ఒకాయన ఇదే సమయంలో తల ఎత్తి, తన పొలం పక్కనుంచి వెళ్లిపోతున్న వానను చూస్తూ ఉంటాడు కదా.

మెరుపు మెరిసింది. "లెక్కపెట్టండి" అన్నాడు మామయ్య. మెరుపు కనపడిన దగ్గర్నుంచి ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. మూడింటికి ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది. వెలుతురు వెంటనే వస్తుంది, చప్పుడు సెకనుకి మూడు వందల నలభై మీటర్ల చొప్పున నడిచి రావాలి కాబట్టి ఈ లెక్క. ఫిజిక్స్‌లో అదే ఏడాది చదువుకున్నాను, పనికొస్తుందని మాత్రం అనుకోలేదు. మొదటిసారి పదిహేను వచ్చింది. తర్వాత పది. ఆ తర్వాత ఆరుకే ఉరిమింది. మామయ్య మమ్మల్ని బురుజు మీంచి దింపేశాడు. పక్కన ఒంటరిగా ఉన్న పెద్ద చెట్టు కిందకు తమ్ముడు పరిగెడుతుంటే రెక్క పట్టుకుని లాగాడు. "పిడుగు ముందు చూసేది దాన్నే!" అన్నాడు. పల్లంలో ఒక పాత రాతి కట్టడం ఉంది, ధాన్యం దాచే కొట్టు అని కింద ఊరివాళ్లు చెప్పారు. లోపల మధ్యలో, గోడలకు ఆనకుండా, కాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చోమన్నాడు.

తర్వాత వచ్చిన వాన గురించి ఎంత చెప్పినా తక్కువే. గుమ్మంలోంచి పది అడుగుల అవతల ఏమీ కనపడలేదు. మాటలు వినపడలేదు. తమ్ముడు నా చెయ్యి వదల్లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది, కానీ మామయ్య మొహం చూస్తే భయం తగ్గేది. ఆయన భయపడటం లేదు, వింటున్నాడు.

వాన కాస్త నెమ్మదించగానే ఆయన బయటికి దూకాడు. "రండి రండి, ఇప్పుడే చూడాలి!"

ఏం చూడాలో మాకు అర్థం కాలేదు. ఆయన వెనక పరిగెత్తాం. కొండ మీద ప్రతి రాయి మీదా నీళ్లు పారుతున్నాయి. కానీ అడ్డదిడ్డంగా కాదు. ఒక బండ మీద చిన్న గాడి ఉంది, పొద్దున దాన్ని దాటుకునే వచ్చాం, పట్టించుకోలేదు. ఇప్పుడు బండ మీది నీళ్లన్నీ ఆ గాడిలో చేరి పక్కకు తిరుగుతున్నాయి. ఉత్త పడిపోయిన గోడ అనుకున్నది గోడ కాదు, రెండు గుట్టల మధ్య పల్లానికి అడ్డంగా వేసిన కట్ట. దాని వెనక నీళ్లు అప్పుడే చేరుతున్నాయి. మామయ్య ఒక్కొక్కటీ చూపిస్తూ పోతున్నాడు, ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "ఇదిగో వాలు. ఇదిగో మళ్లింపు. ఇదిగో కట్ట. చూడు, రాయి ఎలా పేర్చాడో, నీళ్లు తోసే కొద్దీ ఇంకా బిగుసుకుంటది. ఇదీ అలుగు. నిండితే కట్ట తెగకుండా ఇక్కణ్ణించి పొర్లిపోవాలి." అలుగు రాతి మీద అరచెయ్యి ఆనించి, "ఎవరు కట్టాడో గానీ మహానుభావుడు" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు వణికింది. పని తెలిసినవాడు పని తెలిసినవాడికి పెట్టే దణ్ణం అది. నేను ఏ గుడిలోనూ అంత నిజమైన దణ్ణం చూడలేదు.

ఎండలో వెళ్లినవాళ్లకు కొండవీడు శిథిలమే. వానలో చూస్తే ఆ కోట ఇంకా పని చేస్తూనే ఉంది. ఆరు వందల ఏళ్ల కిందట ఎవరో గీసిన వాలు వెంట ఆ రోజు కూడా నీళ్లు చెరువులోకే వెళ్లాయి.

ఆ రోజు తర్వాతే నాకు కొండవీటి చరిత్ర మీద మనసు పడింది. రెడ్డి రాజుల మొదటి రాజధాని అద్దంకి. గుండ్లకమ్మ దగ్గరి ఊరు. అనవోతారెడ్డి అక్కణ్ణించి రాజధానిని కొండవీడుకి మార్చాడు. శత్రువుల భయానికి కొండెక్కారని పుస్తకాలు చెప్తాయి, నిజమే. కానీ నాకు మామయ్య కళ్లతో చూస్తే అందులో ఇంకో విషయం కనపడుతుంది. ఏటిని వదిలేసి, ఏరు లేని కొండ మీదికి ఒక రాజ్యాన్ని ఎక్కించడమంటే వాన మీద, కట్ట మీద, కట్ట కట్టినవాడి మీద ఎంత నమ్మకం ఉండాలి! ఆ వంశానికి నీళ్ల పట్టింపు కూడా ఉండేది. పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ ఫిరంగిపురంలో సంతాన సాగరమనే చెరువు తవ్వించింది. 1409 నాటి ఆ శాసనం రాసింది శ్రీనాథుడు. అప్పుడు ఆయన కొండవీటి ఆస్థానంలో విద్యాధికారి. అంత పెద్ద కవి చేత ఒక చెరువు గురించి రాయించారంటే ఆ రోజుల్లో చెరువుకున్న గౌరవం అది.

ఇంకొకటి నా ఊహ మాత్రమే. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి కొండవీడు గెలుచుకున్నది 1515లో, ఆషాఢంలో. అంటే అంతకు ముందు గడిచింది ఎండాకాలం. పైన ఉన్నవాళ్లకు చెరువుల్లో నీళ్లు అడుగంటి, వానలు ఇంకా గట్టిగా అందుకోని రోజులు. కోట గోడలు ఎంత ఎత్తున్నా, ఆ వారాల్లో పైనున్నవాళ్లు రోజూ పడమటి ఆకాశాన్నే చూసి ఉంటారని నాకనిపిస్తుంది. ముట్టడి గురించి చదివినప్పుడల్లా నాకు ఏనుగులూ గుర్రాలూ కనపడవు, చెరువు మెట్ల మీద రోజుకో అంగుళం దిగిపోతున్న నీటి గీత కనపడుతుంది.

దిగేటప్పుడు మెట్లే వాగు అయిపోయాయి. గంప అమ్మ చెప్పిన అడ్డదారిలోనే వచ్చాం. చెప్పులు చేత్తో పట్టుకుని, సీతాఫలం కొమ్మలు పట్టుకుని, మామయ్య ముందు, తమ్ముడు మధ్య, నేను వెనక. ఆయన ప్రతి మెట్టునీ మడమతో నొక్కి చూసి "ఊ" అంటేనే మేం అడుగేసేవాళ్లం. కింద ఊళ్లో టీ కొట్టు దగ్గర అదే అమ్మ కూర్చుని ఉంది, గంపలో కాయలు సగమయ్యాయి. మమ్మల్ని చూసి లేచి, "వచ్చారా నాయనా! పైన పిడుగుపడ్డ చప్పుడైతే మీరే గుర్తొచ్చారు" అంది. కాయలు కొన్నాం. లెక్క కంటే నాలుగు ఎక్కువే వేసింది. తన యూరియా సంచి తమ్ముడి నెత్తిన కప్పింది, వద్దంటే వినలేదు. ఆమె పేరు అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.

బస్సెక్కేసరికి ఎండ వచ్చేసింది. గుంటూరులో ఆ రోజు చుక్క వాన పడలేదట. బురద బట్టలతో గుమ్మంలో నిలబడితే అమ్మ నమ్మలేదు, ఏ కాలువలో దూకారని మామయ్యనే తిట్టింది.

ఇప్పుడు కొండ మీదికి ఘాట్ రోడ్డు పడింది. జిల్లాలు మారాక ఆ ఊరు పల్నాడులోకి వెళ్లింది. రోడ్డు పడటం మంచిదే. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా ఆ చెరువులు చూడగలుగుతున్నారు. మామయ్యకి మోకాళ్లు పోయాయి, రిటైరై చాలా కాలమైంది, ఆ రోడ్డు లేకపోతే ఆయన మళ్లీ పైకి వెళ్లేవాడే కాదు. కాలు సత్తువ ఉన్నవాళ్లను మాత్రం నేను బతిమాలతాను. ఒక్కసారి నడిచి ఎక్కండి. అదీ భాద్రపదంలో, మబ్బూ ఎండా దోబూచులాడే రోజున. తెల్లవారే బయలుదేరండి, మధ్యాహ్నం ఉరుము వినపడితే ఎత్తు మీంచి దిగిపోండి, వాన వెలిశాక పది నిమిషాలు ఆగి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి.

పోయిన వినాయక చవితి సెలవుల్లో మామయ్యను కారులో తీసుకెళ్లాం. డోరు తియ్యగానే కర్ర ఊతంగా కట్ట వైపు నడిచాడు. మా అబ్బాయి వెనకాలే వెళ్లాడు. నేను ఫోటోలు తీసుకుని వచ్చేసరికి ఇద్దరూ కట్ట మీద కూర్చుని ఉన్నారు. కర్రతో నేల మీద గీతలు గీసి, పూడిక ఎక్కడ మేట వేసిందో, ముందు ఎక్కణ్ణించి తియ్యాలో, తీసిన మట్టి కట్టకి ఏ పక్కన వెయ్యాలో వాడికి చెప్తున్నాడు. ఏ పక్కన ఎందుకు వెయ్యకూడదని వాడు అడుగుతున్నాడు.